అడ్డం ఆదోని... నిలువు ఎమ్మిగనూరు!

ఒక ఊళ్లో పత్తి. ఇంకో ఊళ్లో మగ్గం. రెంటి చుట్టూ మూడు భాషలు. ఆదివారం పేపర్లో పజిల్ దగ్గర పెన్ను ఆగిపోతే కర్నూలు జిల్లా పడమటి ఊళ్లలో ఎవరిని అడగాలి? పోతన తెలిసిన పంతులుగారినా, కండె చుట్టిన అవ్వనా?

'వెళ్లు' అని రాజుకు చెప్పి, పొలమే సొంతమన్న కవి (3).

అడ్డం ఒకటికి ఇలాంటి ఆధారం ఇచ్చారనుకోండి. మూడే గళ్లు. పక్కనే ఆకు పొట్లంలో ఉగ్గాని, దాని మీద రెండు మిరపకాయ బజ్జీలు. ఆదోనిలో ఆదివారం పొద్దుటి పలహారం చాలా ఇళ్లలో ఇదే. పలహారం అయిపోతుంది గానీ గళ్లు మాత్రం ఖాళీగానే ఉంటాయి.

ఎనిమిదో తరగతి మనవరాలు రాజుల పేర్లు వెతుకుతుంది. తాత కళ్లజోడు సర్దుకుని, 'రాజుల్ని ఇడ్సిపెట్టమ్మా, పొలం యాడుందో సూడు' అంటాడు. 'వెళ్లు' అంటే 'పో'. 'సొంత' అంటే 'తన'. రెండూ పక్కపక్కన పెడితే పోతన! అంకితం కోసం రాజు దగ్గరికి పోకుండా, నాగలి నమ్ముకుని భాగవతం రాశాడని తరతరాలుగా చెప్పుకునే కథ తెలిసినవాళ్లకి ఆధారం చదువుతుండగానే పేరు తట్టేస్తుంది. కథ తెలియనివాళ్లు 'పో' దగ్గరా, 'తన' దగ్గరా విడివిడిగా తిరుగుతూ ఉంటారు. కాస్త ఆలస్యంగానైనా వాళ్లూ చేరతారు. చేరాక, ఇంతకీ ఈయన రాజును ఎందుకు పొమ్మన్నాడని అడుగుతారు. ఆ ప్రశ్న పుట్టిందంటే ఆధారం పనిచేసినట్టే.

రెండు తాళాలు, ఒక తలుపు

గళ్లలో అక్షరాలు నింపే ఆట పత్రికల్లోకి వచ్చింది 1913 డిసెంబరు 21న. 'న్యూయార్క్ వరల్డ్' ఆదివారం పత్రికలో ఆర్థర్ విన్ అనే ఆయన వేశాడు. అర్థం ఇస్తే పదం చెప్పడం, అంతే. దానికి మెలికలు పెట్టింది ఇంగ్లండు వాళ్లు. 1926 నుంచి 'అబ్జర్వర్' పత్రికలో టోర్కెమాడా అనే మారుపేరుతో వచ్చిన పజిళ్లు ఆ మెలికలకు పెట్టింది పేరు. ఆ మారుపేరు వెనకున్న ఎడ్వర్డ్ పోవిస్ మాథర్స్ కవి, అనువాదకుడు. ఆయన ఆధారాల్లో సగం సాహిత్యమే. 1930లో లండన్ 'టైమ్స్' కూడా గళ్లు మొదలుపెట్టింది.

తెలుగులో ఈ ఆటకు శ్రీశ్రీ పెట్టిన పేరు పదబంధ ప్రహేళిక. ఆరుద్ర గళ్ల నుడికట్టు అన్నాడు. ఇద్దరూ కవులే కావడం కాకతాళీయం కాదేమో! ప్రహేళిక అన్న మాట మనకు కొత్తదేం కాదు. దండి 'కావ్యాదర్శం'లో పదహారు రకాల ప్రహేళికల్ని వరసగా చెప్పాడు. గోష్ఠుల్లో వినోదానికి ఇవి పనికొస్తాయన్నాడు. సమస్యాపూరణాలు, దత్తపదులు విని చప్పట్లు కొట్టే జాతికి గళ్లు చూపిస్తే ఊరుకుంటుందా?

మంచి ఆధారానికి రెండు తాళాలుంటాయి. ఒకటి అర్థానిది, ఒకటి అక్షరాలది. ఏది తెరిచినా తలుపు ఒకటే. 'తిక్కగా కనిపించినా నది మొదట్లో దొరికే పదిహేను పర్వాల కవి (3)' అన్నారనుకోండి. భారతంలో విరాటపర్వం నుంచి చివరిదాకా పదిహేను పర్వాలు తెనిగించింది ఎవరో తెలిస్తే చాలు. తెలియకపోయినా 'తిక్క' పక్కన 'నది'లో మొదటి అక్షరం పెట్టి చూడొచ్చు. తిక్కన వచ్చేస్తాడు.

అదే, 'ప్రభావతీ ప్రద్యుమ్నంలో హంస (4)' అని ఊరుకుంటే? శుచిముఖి అని తెలిసినవాళ్లు ఒక్క క్షణంలో రాసేస్తారు. తెలియనివాళ్లు సాయంత్రం దాకా తల బాదుకున్నా రాదు. రెండో తాళమే లేదు కదా! సాహిత్యం పేరుతో వచ్చే ఆధారాల్లో ఎక్కువమందికి చిరాకు తెప్పించేవి ఇవే. ఇది పజిల్ కాదు, పరీక్ష పేపరు. ఆ ప్రబంధం రాసిన పింగళి సూరనే తన 'కళాపూర్ణోదయం'లో ఒక ముడిని ఇంకో ముడితో విప్పుతూ పాఠకుణ్ణి వెంట తిప్పుకున్నాడు. దాన్ని అంకితం పుచ్చుకున్నది నంద్యాల కృష్ణరాజు. అంటే కర్నూలు సీమకు కథల ముడులు విప్పడం నాలుగొందల ఏళ్లకు పైబడిన అలవాటన్నమాట.

ఇంగ్లిషు గళ్లకూ మన గళ్లకూ ఇంకో తేడా ఉంది. అక్కడ గడికో అక్షరం. ఇక్కడ గుణింతం, ఒత్తు, సున్నా అన్నీ ఒకే గడిలో సర్దుకోవాలి. ఎమ్మిగనూరు దాటి మంత్రాలయం వెళ్తే కనిపించే అంత పెద్ద నదీ నాలుగు గళ్లలో ఒదిగిపోతుంది. 'గడ్డితో మొదలై జాగ్రత్తతో ఆగే నది (4)'. తుంగ ఒక గడ్డి. జాగ్రత్త అంటే భద్రం. చివరి సున్నా రాలిపోతే తుంగభద్ర. తుంగ, భద్ర అనే రెండు నదులు కర్ణాటకలోని కూడ్లి దగ్గర కలిసి ఒకటవుతాయి. రెండు ముక్కలు కలిపి ఒక పేరు చేసే పని నది ఏనాడో చేసిపెట్టింది.

ఊరి పేరే ఒక ఆధారం

ఆదోని పేరు చూడండి. యాదవగిరి అన్నది పాత పేరని చెబుతారు. తర్వాత ఆదవాని. నలిగి నలిగి ఆదోని. 1688లో మొగలులు కోట పట్టుకున్నాక ఇంతియాజ్‌గఢ్ అని మార్చారు. ఆ పేరు కాగితాల్లోనే ఉండిపోయింది, జనం నోటికి ఎక్కలేదు. విజయనగరం, బీజాపూర్, మొగలులు, నిజాం సోదరుడు బసాలత్ జంగ్, 1786లో టిప్పు, 1800లో కుంపిణీ... ఇన్ని చేతులు మారినా ఊరు తన మూడక్షరాలు వదల్లేదు.

ఆ మూడక్షరాల్నీ గళ్లలో పెట్టమంటే ఇక్కడి కుర్రాడు ఇలా పెడతాడు: 'ఆవుకు ముందు, ఉర్దూలో రెండు, నిధికి మొదలు. అక్కడే పత్తి (3)'. ఆ, దో, ని. కోస్తాలో కూర్చుని పూరించేవాళ్లకి ఆ 'దో' దగ్గర ఒక్క క్షణం పడుతుంది. ఆదోని బజార్లో పట్టదు. పత్తి మార్కెట్లో బేరాలు తెలుగులో మొదలై, కన్నడంలో గీచి గీచి, ఉర్దూ అంకెల్లో తేలే రోజులు ఎన్నో.

కొండ మీద కోట గోడలు ఇంకా నిలబడి ఉన్నాయి. కింద ఊళ్లో షాహీ జామియా మసీదు ఉంది. పదిహేడో శతాబ్దంలో బీజాపూర్ తరఫున ఆదోనిని ఏలిన సిద్ది మసూద్ ఖాన్ కట్టించింది అది. మొగల్ సేన ముట్టడిలో ఫిరంగుల్ని ఆ మసీదు వైపు తిప్పగానే, ప్రాణం కంటే ఎక్కువగా చూసుకున్న ఆ కట్టడం కోసం ఆయన కోట వదిలేశాడని చెబుతారు.

ఆ మసూద్ ఖాన్ పేరుతోనే ఇంకో కథ ఉంది. అక్షరాల గురించి ఇంత మంచి కథ చుట్టుపక్కల జిల్లాల్లో మరొకటి దొరకడం కష్టం.

చదువు రాని దివాను

వెంకన్న అనే అనాథ కుర్రాడు పశువులు కాసుకుంటూ ఉండేవాడట. అటుగా వెళ్తున్న రాఘవేంద్రస్వామికి తన గోడు చెప్పుకున్నాడు. కష్టం వచ్చినప్పుడు నన్ను తలుచుకో అని స్వామి అక్షతలిచ్చి వెళ్లిపోయారు. కొన్నాళ్లకు నవాబు దారిలో ఉండగా ఒక ఉత్తరం వచ్చింది. చదివి వినిపించేవాళ్లు దగ్గర లేరు. ఎదురుగా కనిపించిన వెంకన్న చేతికిచ్చి చదవమన్నాడు. అయ్యా, నాకు అక్షరమ్ముక్క రాదు అన్నా వినలేదు. కోపం తలకెక్కింది. వెంకన్న కళ్లు మూసుకుని స్వామిని తలుచుకున్నాడు. తెరిచి చూస్తే అక్షరాలు అర్థమయ్యాయి! ఉత్తరంలో ఉన్నది నవాబుకు శుభవార్త. వెంకన్న దివాను అయ్యాడు. ఆ పరిచయంతోనే తుంగభద్ర ఒడ్డున మంచాల గ్రామం స్వామికి దక్కింది. 1671లో ఆయన బృందావన ప్రవేశం చేసింది అక్కడే. ఆ మంచాలే ఇవాళ్టి మంత్రాలయం.

భక్తులకు ఇది మహిమ. గళ్లు నింపేవాళ్లకు ఇందులో ఇంకో చిన్న సంగతి కనిపిస్తుంది. అరగంట సేపు అర్థం లేని గీతల్లా కనిపించిన ఆధారం ఉన్నట్టుండి విడిపోతుంది. ఎలా వచ్చింది అని అడిగితే ఎవరూ చెప్పలేరు. 'తట్టింది' అంటారు. ఎవరు తట్టారో మాత్రం అనరు!

వెనక్కి నడిచిన అక్షరాలు

ఆదోని నుంచి పత్తికొండ మీదుగా గుత్తి దారి పడితే ఎర్రగుడి వస్తుంది. ఊరి దగ్గర గుట్ట మీద రాళ్లు, రాళ్ల మీద బ్రాహ్మీ అక్షరాలు. అశోకుడి శాసనాలు. ప్రపంచంలోని అశోక శాసనాల్ని చదివే పండితులు ఎర్రగుడి దగ్గర కాసేపు ఆగుతారు. కారణం, ఇక్కడి చిన్న శిలాశాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కి ఉన్నాయి. పొలం దున్నే ఎద్దులు సాలు చివర తిరిగి వచ్చినట్టు! గళ్ల పజిల్లో 'అటునుంచి' అని రాస్తే విసుక్కునేవాళ్లు ఒకసారి ఈ రాయి చూడాలి. రెండు వేల రెండొందల ఏళ్ల కిందటే కర్నూలు జిల్లాలో ఎవరో 'అటునుంచి' రాశారు.

అసలు అశోకుడి పేరే ఒక పెద్ద పజిల్. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని చదివాడు. శాసనాల్లో ఉన్నది 'దేవానాంప్రియ', 'ప్రియదర్శి'. బిరుదులే గానీ పేరు లేదు. ఎవరీ రాజు? సింహళ గ్రంథాలు అశోకుడని ఒక దారి చూపించాయి. అంటే నిలువు గళ్లు నిండాయి గానీ అడ్డం గళ్లతో సరిచూసుకోవాలి. 1915లో ఇక్కడికి పడమరగా, రాయచూరు జిల్లా మస్కిలో దొరికిన శాసనంలో ఆ బిరుదుతో పాటు అశోకుడి పేరూ ఉంది. అడ్డం, నిలువు సరిగ్గా ఒక గడిలో కలిశాయి. డెబ్బై ఎనిమిదేళ్లు పట్టింది!

కుడి నుంచి చదవడం మన లెక్కల్లోనూ ఉంది. కటపయాది పద్ధతిలో అక్షరాలే అంకెలు. 'జ' ఎనిమిది, 'య' ఒకటి. అంకెల్ని కుడి నుంచి కూర్చుకోవాలి కాబట్టి 'జయ' అంటే పద్దెనిమిది. భారతానికి జయం అని పేరు, పర్వాలు పద్దెనిమిది. ఇంత పొందికైన ఆధారం ఎవరైనా పెడితే ఆ వారం ఉత్తరాలు బస్తాల్లో వస్తాయి.

పదా? పదిహేనా?

భారతం దగ్గరికొచ్చాం కాబట్టి తిక్కన ఆధారాన్ని ఇంకోసారి చూద్దాం. పదిహేను పర్వాల కవి అనగానే తెలుగు బళ్లో చదివినవాళ్లకి సమాధానం తెలుసు. ఆదోనిలో మాత్రం ఇది అంత తేలిక కాదు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది. ఎమ్మిగనూరు అప్పుడు ఆదోని తాలూకాలోని ఊరు. జిల్లా విడిపోయినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటొచ్చాయి. తక్కిన బళ్లారిలో ఎక్కువ భాగం మైసూరుకు వెళ్లింది. గీత కాగితం మీద గీశారు. ఇళ్లలో గీయలేకపోయారు. అక్క బళ్లారిలో, చెల్లెలు ఆదోనిలో. అప్పటికే కన్నడ బడిలో చదువుకున్న పిల్లలకు భారతం అనగానే గుర్తొచ్చే పేరు కుమారవ్యాసుడు. గదుగు వీరనారాయణుడి గుళ్లో కూర్చుని రాశాడని చెప్పుకునే ఆ మహాకవి కన్నడంలో రాసింది పది పర్వాలు. ఇప్పుడు ఎనభై దాటిన అలాంటి పెద్దాయన ముందు 'పదిహేను పర్వాల కవి' అని పెట్టి చూడండి. 'పది కాదా?' అంటాడు. ఆయన తప్పేం లేదు. ఆయన భారతం వేరే సంచిలో ఉంది.

పొడుపు కథ అని తెలుగువాళ్లు అంటే, కన్నడంలో ఒగటు. ఉర్దూ ఇళ్లలో పహేలీ. మన ప్రహేళికే నలిగి పహేలీ అయింది. మనకు వేమన ఉంటే వాళ్లకు సర్వజ్ఞుడు. ఆయన మూడు పాదాల వచనాల్లో ఒగట్లు కొల్లలు. ఉర్దూవాళ్లకు అమీర్ ఖుస్రో పేరు మీద బోలెడు పహేలీలు. ఒకే వీధిలో మూడు ఖజానాలు. పత్రికలో గళ్లకు మాత్రం ఒకే తాళంచెవి పనికొస్తుంది. పుస్తకాల తెలుగుది!

ఇక్కడే పడమటి ఊళ్ల చిన్న ఫిర్యాదు ఒకటుంది. 'మరమరాలు' గళ్లలో వస్తుంది. 'బొరుగులు' ఎప్పుడైనా వస్తుందా? వేరుశనగను ఇక్కడ 'బుడ్డలు' అంటారు. దానికి గడి ఎక్కడ? ఉగ్గాని తినని ఊరు ఈ వైపు లేదు. అందులో తాలింపు ఘుమఘుమ లేకపోతే అసలు రుచే లేదు. సరిహద్దు దాటితే తాలింపును ఒగ్గరణె అంటారు, రెండు మాటలూ ఎంత దగ్గరగా వినిపిస్తాయో చూడండి. అయినా ఉగ్గాని గళ్లకెక్కదు. ఎక్కించడం కష్టమా అంటే కానే కాదు. 'పసిపిల్లల తిండికి ఆనుకుని ఉన్న బొరుగుల పలహారం (3)'. ఉగ్గు, ఆని. ఉత్వసంధి. వ్యాకరణం మాస్టారు కూడా మార్కులు తగ్గించలేరు.

పడుగూ పేకా

ఆదోని నుంచి ఎమ్మిగనూరు ముప్పై కిలోమీటర్లు అటూ ఇటూ. దారికి రెండు పక్కలా నల్లరేగడి. పత్తి విరిసిన నెలల్లో చేలన్నీ తెల్లగా ఉంటాయి. అక్కడ తీసిన పత్తి దూదై, దూది ఏకై, ఏకు నూలై... ఆ నూలు చేరిన ఊరు ఎమ్మిగనూరు. 1938లో మాచాని సోమప్ప ఇక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు. ఆయన పద్మశ్రీ అందుకున్నారు. ఎమ్మిగనూరు దుప్పట్లు, తువ్వాళ్లు అంటే ఒకప్పుడు దూరప్రాంతాల్లోనూ గిరాకీ.

అడ్డం, నిలువు అనేవి ఈ ఊరికి పత్రికలు నేర్పిన మాటలు కావు. నిలువు పోగు పడుగు. అడ్డం పోగు పేక. ఒక్క పోగు తప్పినా నేత మొత్తం చెడుతుంది. ఒక్క అక్షరం తప్పుగా రాస్తే నాలుగు పదాలు చెడినట్టే. గళ్ల దుప్పటి నేసినవాళ్లకి గళ్ల పజిల్ గురించి చెప్పాల్సింది తక్కువే.

'ఆసులో తిరిగేది (2)' అని ఆధారం ఇస్తే పట్నంలో కాసేపు ఆలోచిస్తారు. కాళ్లకు తీరిక లేకుండా తిరిగేవాళ్లని 'ఆసులో కండెలా తిరుగుతున్నాడు' అంటాం. ఆ సామెత గుర్తొస్తే కండె అని రాస్తారు. కండె ఎలా ఉంటుందో తెలియకపోయినా రాసేస్తారు. నేత ఇంట్లో అవ్వకు సామెత అక్కర్లేదు. చిన్నప్పటి నుంచి చుట్టిన చెయ్యి అది. పేపర్ చదవడం రాకపోయినా, ఆధారం పైకి చదివితే చాలు, ఆమె దగ్గర సమాధానం ఉంటుంది. 'మెత్తటిదే, మేకైతే గుచ్చుకుంటుంది (2)' అన్నా అంతే. ఏకు మేకైందన్న మాట మనకు వట్టి నానుడి. ఏకును వేళ్ల మధ్య పట్టుకుని చూసినవాళ్లకి దాని మెత్తదనం తెలుసు. అది మేకు కావడంలోని వింతా తెలుసు.

సాహిత్యం తెలిస్తేనే గళ్లు నిండుతాయని అనుకుంటాం. ఈ ఇళ్లలో జరిగేది వేరు. తిక్కనను ఒకరు చెబుతారు, కండెను ఒకరు చెబుతారు, 'దో'ను పక్కింటి కుర్రాడు చెబుతాడు. ఎవరో ఒకరు లేని ఆదివారం ఆ మూల ఖాళీగా మిగులుతుంది. పద్యాలు నోటికొచ్చిన తాతలు తగ్గుతున్నారు, కండెలు చుట్టే అవ్వలూ తగ్గుతున్నారు. మరమగ్గాలు వచ్చాక ఆసు ఎలా ఉంటుందో చూడని పిల్లలు నేత ఇళ్లలోనే ఉన్నారు. ఇంకో ఇరవై ఏళ్లకు 'ఆసులో తిరిగేది' అని ఎవరైనా పెడితే అది శుచిముఖి పక్కన చేరిపోవచ్చు. నిఘంటువు తప్ప వేరే దారి ఉండదు.

ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరస్వామి గుడి ఉంది. అక్కడ జరిగే జాతరకు చుట్టుపక్కల పల్లెలతో పాటు కర్ణాటక నుంచీ జనం వస్తారు. తేరు కదిలే రోజు కన్నడం, తెలుగు కలిసి ఒకే కేక అవుతుంది. విషం గొంతులో దాచుకున్న ఆ దేవుడి పేరుతో ఒక ఆధారం: 'శివుడికీ నెమలికీ ఒకటే గొంతు (4)'. సంస్కృతంలో నెమలికీ నీలకంఠమనే పేరు. దీనికి క్షీరసాగర మథనం తెలిసినా చాలు, నెమలిని చూసినా చాలు.

చివరగా ఇంకొక్కటి. సమాధానం ఇవ్వడం లేదు. పక్కన ఎవరుంటే వాళ్లను అడగొచ్చు.

'చివరికి వందే మిగిలినా నేత వదలని ఊరు (5)'.